నాసికా శస్త్రచికిత్స: శ్వాస కోసమా, శోభ కోసమా?

అశ్వినీదేవతలకు నాసత్యులని మరొక పేరు. యాస్కాచార్యులు నిరుక్తంలో ఈ పదానికి పూర్వాచార్యుల మతాలను కూడా చేర్చి మూడు విధాల అర్థం చూపారు. అసత్యం లేనివారు, సత్యస్వరూపులే నాసత్యులని ఔర్ణవాభుని మతం. సత్యానికి ప్రణేతలు కనుక నాసత్యులని ఆగ్రాయణుని మతం. నాసిక నుండి పుట్టినవారు కనుక నాసత్యులని వేరొక పక్షం. అశ్వరూపం ధరించిన సూర్యపత్ని నాసిక నుండి ఈ కవలలు ఉద్భవించారన్న పురాణగాథ చివరి పక్షానికి అనుగుణంగా ఉంది. దేవవైద్యుల నామంలో నాసిక, సత్యం రెండూ ఒక్కచోట చేరి ఉండటం గమనార్హం. ముక్కుకు చేసే శస్త్రచికిత్స గురించి నేడు గృహాలలో, సత్సంగాలలో జరుగుతున్న వాదప్రతివాదాలకు ఈ నామం కంటే మంచి ఉపోద్ఘాతం దొరకదు.

ఈ శస్త్రచికిత్సలు స్థూలంగా రెండు విధాలు. రెండు నాసారంధ్రాలను వేరుచేసే మధ్యభిత్తి ఒక పక్కకు వంగి శ్వాసకు అడ్డుపడినప్పుడు దానిని సరిచేసేది మొదటిది. వైద్యులు దానిని సెప్టోప్లాస్టీ అంటారు. ముక్కు బాహ్యాకారాన్ని మార్చేది రెండవది, రైనోప్లాస్టీ. శ్వాస కోసం కూడా ఆకారాన్ని మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. అయినా లోకవ్యవహారంలో మొదటిది అవసరం, రెండవది విలాసం అన్న విభజన స్థిరపడిపోయింది.

ఆస్తిక సమాజంలో ఈ విషయమై మూడు అభిప్రాయాలు వినబడతాయి. శ్వాస కోసమైతే ధర్మ్యం, అందం కోసమైతే దేహాభిమానం అన్నది ఒకటి. దేహం ఎవరిదో నిర్ణయం వారిదే, ఇందులో శాస్త్రానికి ప్రసక్తి ఏమిటన్నది రెండవది. ముక్కు వంకరైనా ఊపిరి సలపకపోయినా అది ప్రారబ్ధం, అనుభవించి తీరవలసిందే అన్నది మూడవది. ఈ మూడింటిలోనూ విచారణ లోపించింది. శ్వాస, శోభ అన్న విభజన చికిత్సాలయాలలో లెక్కలకు ఉపకరిస్తుంది. సాధకుడు అంతకంటే లోతుగా చూడవలసి ఉంటుంది. తాను కోరుతున్నది ఏమిటి, ఎవరి దృష్టిని ప్రమాణంగా గ్రహించి కోరుతున్నాడు, ఆ కోరికకు పెట్టిన పేరు సత్యమా అసత్యమా అన్నవి అతడు వేసుకోవలసిన ప్రశ్నలు.

సుశ్రుతుని రెండు గొట్టాలు

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం కర్ణవ్యధబంధవిధి. శిశువు చెవులు కుట్టడానికి ఆ అధ్యాయం ఆరంభంలోనే రెండు ప్రయోజనాలు చెప్పబడ్డాయి: రక్ష, భూషణం. అలంకారం కోసం దేహానికి సూది తగిలించడాన్ని మహర్షి తప్పుపట్టలేదు, రక్ష పక్కనే దానికి స్థానమిచ్చాడు. కుట్టిన చెవి తమ్మె తెగితే దానిని అతికే విధానాలు 15 వివరించి, ఆ క్రమంలోనే తెగిన ముక్కును తిరిగి నిర్మించే నాసాసంధానవిధికి వచ్చాడు. అంటే ప్రపంచ వైద్యచరిత్రలో ముక్కు పునర్నిర్మాణానికి లభించే అతిప్రాచీన వివరణలలో ఒకటి, నగ ధరించే చెవిని గురించిన అధ్యాయంలోనే చోటు చేసుకుంది.

ఆ విధి సంగ్రహంగా ఇది. తెగిన ముక్కు ప్రమాణానికి సరిపోయే చెట్టు ఆకును తీసుకోవాలి. ఆ కొలత ప్రకారం చెంప నుండి చర్మాన్ని, ఒక అంచు అంటి ఉండేలా, చెక్కి తీయాలి. మిగిలిన నాసాభాగాన్ని గీరి, వైద్యుడు ఏమరుపాటు లేకుండా దానిని అతికి బంధించాలి. పిమ్మట రంధ్రాలలో రెండు గొట్టాలు అమర్చి, ముక్కును పైకెత్తి నిలిపి, పతంగం, యష్టిమధుకం, రసాంజనం కలిపిన చూర్ణం చల్లాలి. తెల్లని దూదితో కప్పి, నువ్వుల నూనెతో మాటిమాటికీ తడపాలి. గాయం మానిన తరువాత ముక్కు కొరతగా ఉంటే పెంచాలి, మాంసం అతిగా పెరిగి ఉంటే సమం చేయాలి.

ఇందులో రెండు అంశాలు నిదానంగా చూడదగినవి. రంధ్రాలలో అమర్చిన ఆ రెండు గొట్టాలు శ్వాస కోసం. కొరతను పెంచి, అతిని తగ్గించి సమం చేయమన్న చివరి ఉపదేశం ఆకృతి కోసం. ఒకే విధిలో, ఒకే వైద్యుని చేతిలో, ఒకే రోగి ముఖం మీద ఈ రెండూ జరుగుతున్నాయి. శ్వాసకు ఒక అధ్యాయం, శోభకు మరొక అధ్యాయం అని సుశ్రుతుడు విడదీయలేదు. క్రమం మాత్రం పాటించాడు. గొట్టాలు శస్త్రకర్మ జరిగిన నాడే అమరాయి, ఆకృతిని సమం చేయడం గాయం మానిన తరువాత. ఊపిరికి దారి ఏర్పడనిదే రూపం జోలికి పోరాదన్న వివేకం ఆ క్రమంలోనే ఇమిడి ఉంది.

ఆనాడు ముక్కు కోల్పోవడం అంటే కేవలం ఒక అవయవం కోల్పోవడం కాదు. శూర్పణఖ వృత్తాంతం నుండి మధ్యయుగపు యుద్ధాల వరకు ముక్కు కోయడం అవమానానికి పరాకాష్ఠ. అటువంటివానికి సభలో స్థానం లేదు, బంధువులలో ఆదరణ లేదు. కనుక పోయిన ముక్కును తిరిగి ఇవ్వడం మానాన్ని తిరిగి ఇవ్వడమే. దానిని సౌందర్యచికిత్స అని తక్కువ చేయడానికి ఎవరికీ నోరు రాదు.

పూనా నుండి లండను వరకు

ఈ విద్య గ్రంథాలకే పరిమితమై నశించిపోలేదు. 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ ఒక లేఖను ప్రచురించింది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లసేన వెంట ఎద్దుల బండి తోలిన కవాస్‌జీ అనే మహారాష్ట్రుడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కాడు. వారు అతని ముక్కును, ఒక చేతిని ఖండించారు. సుమారు ఏడాది ముక్కు లేకుండా గడిపిన పిమ్మట, పూనా సమీపంలో ఇటుకల పనివారి కులానికి చెందిన ఒక చికిత్సకుడు అతనికి కొత్త ముక్కు నిర్మించాడు. మైనంతో ముక్కు నమూనా చేసి, దానిని చదును చేసి నుదుటిపై పరచి గీత గీశాడు. ఆ మేరకు చర్మాన్ని ఒలిచి, కనుబొమల నడుమ ఒక పట్టీ మాత్రం వదలి, మెలితిప్పి కిందికి దించి అతికాడు. నుదుటి రక్తప్రసరణ ఆ పట్టీ గుండా సాగి కొత్త ముక్కును బతికించింది. అతుకు కుదిరిన తరువాత పట్టీని కోసివేశారు. బొంబాయి నుండి వచ్చిన ఇద్దరు ఆంగ్లవైద్యులు ఈ ప్రక్రియను కన్నులారా చూశారు.

ఆ లేఖలో సుశ్రుతుని గొట్టాలను జ్ఞప్తికి తెచ్చే వివరం ఒకటి ఉంది. పదవ నాడు రంధ్రాలు మూసుకుపోకుండా వాటిలో మెత్తని గుడ్డపేలికలు ఉంచుతారని అందులో వ్రాశారు. పూనా చికిత్సకుడు సంస్కృతం చదివినవాడై ఉండనవసరం లేదు. వంశపారంపర్యంగా వచ్చిన అతని చేతికి మాత్రం ఆ క్రమం తెలుసు: ముక్కు చూడటానికి ముక్కులా ఉండాలి, అంతకుముందు అందులో గాలి ఆడాలి. ఈ వార్త ఆధారంగా జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండనులో ఇదే పద్ధతిని ప్రయోగించి, 1816లో గ్రంథస్థం చేశాడు. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించే ఆ పద్ధతి నేటికీ శస్త్రవైద్యంలో సజీవంగా ఉంది.

ప్రాణమార్గం

సాధకునికి నాసిక కేవలం ఒక జ్ఞానేంద్రియం కాదు, ప్రాణం సంచరించే రాజమార్గం. నాసికలో చరించే ప్రాణాపానాలను సమం చేయమని గీత ఐదవ అధ్యాయం ఉపదేశిస్తుంది. ధ్యానవేళ దృష్టిని నాసికాగ్రంపై నిలపమని ఆరవ అధ్యాయం చెబుతుంది. శిరస్సుకు నాసిక ద్వారమని ఆయుర్వేదాచార్యుల మాట. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 31 నాసారోగాలను లెక్కించాడు, ముక్కు దిబ్బడ కూడా అందులో ఒకటి.

ఇంతటి ద్వారానికి అడ్డు ఏర్పడితే దానిని తొలగించడానికి సంకోచమెందుకు? అయినా సాధకులలోనే ఆ సంకోచం అధికం. అనులోమవిలోమంలో ఎడమ రంధ్రం ఏనాడూ తెరుచుకోని వ్యక్తి, తన సాధనలోనే లోపం ఉన్నదని భావించి ఏళ్ల తరబడి బలవంతంగా గాలి పీల్చే ప్రయత్నం చేస్తాడు. జలనేతి చేస్తే సరిపోతుందని ఒకరు, ఇడానాడి శుద్ధి కాలేదని మరొకరు చెబుతారు. జలనేతి శ్లేష్మాన్ని కడుగుతుంది, మరిగించి చల్లార్చిన నీటితో చేసినంతవరకు మేలు కూడా చేస్తుంది. వంగిన ఎముకను, మృదులాస్థిని అది నిటారు చేయలేదు. స్థూలదేహంలోని అడ్డంకికి సూక్ష్మదేహంలో కారణం వెదకడం తత్త్వజ్ఞానం అనిపించుకోదు, తత్త్వాల కలగాపులగం అనిపించుకుంటుంది.

ఇక్కడ ఒక భేదం తెలిసి ఉండాలి. ఆరోగ్యవంతునికి కూడా రెండు రంధ్రాలూ ఎల్లప్పుడూ సమంగా తెరుచుకుని ఉండవు. కొన్ని గంటలు ఒకటి, కొన్ని గంటలు మరొకటి ప్రధానంగా పనిచేస్తాయి. స్వరశాస్త్రం దీనిని ఎన్నడో గమనించింది. 1895లో కైజర్ అనే జర్మను వైద్యుడు ఈ నాసాచక్రాన్ని ఆధునిక వైద్యభాషలో వివరించాడు. వంతులవారీగా మూసుకునే రంధ్రం ప్రకృతి, దానికి శస్త్రం అక్కరలేదు. ఏ వేళ చూసినా ఒకే పక్క మూసుకుని ఉంటే, నిద్రలో నోరు తెరిచి శ్వాసించవలసి వస్తుంటే, ఒక పక్క నుండే తరచు రక్తం వస్తుంటే అది వికృతి. అటువంటప్పుడు యోగగురువు కంటే ముందు చెవి, ముక్కు, గొంతు వైద్యుని దర్శించడం విధి. మధ్యభిత్తి కొద్దిగానైనా వంగని ముక్కు అరుదు. కనుక వంపు కనిపించినంత మాత్రాన శస్త్రం పట్టనక్కరలేదు, అది బాధిస్తున్నదా లేదా అన్నదే ప్రమాణం.

చరకుడు మానవునికి మూడు ఏషణలు ఉండదగినవని చెప్పి, వాటిలో ప్రాణైషణకు అగ్రస్థానం ఇచ్చాడు. తరువాతవి ధనైషణ, పరలోకైషణ. ప్రాణం పోతే సర్వమూ పోతుంది కనుక మొదట దానిని కాపాడుకోమన్నాడు. ప్రారబ్ధవాదులు ఈ క్రమాన్ని మననం చేయవలసి ఉంది. గ్రహణ మొర్రితో, దానివల్ల వంకరపోయిన ముక్కుతో పుట్టిన శిశువును చూసి, కర్మఫలం కదా అని చేతులు ముడుచుకోవడం భక్తి అనిపించుకోదు. రోగం ప్రారబ్ధమైతే, రోగాన్ని మాన్పగల వైద్యుడు అందుబాటులో ఉండటం కూడా ఆ శిశువు ప్రారబ్ధంలోని భాగమే. ఒక సగాన్ని అంగీకరించి మరొక సగాన్ని తోసిపుచ్చడం అర్ధజరతీయ న్యాయం.

రూపమూ కార్యమూ విడివిడిగా లేవు

శ్వాసచికిత్స పవిత్రం, రూపచికిత్స అపవిత్రం అన్న సులభ నిర్ణయాన్ని ముక్కు నిర్మాణమే నిరాకరిస్తుంది. బయటికి కనిపించే ముక్కు దూలం, లోపల గాలిని విభజించే భిత్తి, పక్కలను నిలిపే మృదులాస్థులు ఒకదానికొకటి ఆధారం. ఒకప్పుడు వంగిన భిత్తిని సరిచేయబోయి దానిని ఎక్కువగా తొలగించేవారు. కొందరికి కాలక్రమాన ముక్కు దూలం కుంగిపోయేది. శ్వాస కోసం చేసినది రూపాన్ని చెడగొట్టింది. అందుకే నేటి వైద్యులు పైవైపున, ముందువైపున కనీసం 1 సెంటీమీటరు వెడల్పున ఆధారఫలకాన్ని వదలి మిగిలినదానినే సరిచేస్తారు.

దీనికి విపర్యయం కూడా ఉంది. సన్నని ముక్కు కావాలని దూలాన్ని, పక్కలను అతిగా చెక్కించుకున్నవారికి తరువాతి కాలంలో ఊపిరి ఇరుకైపోవచ్చు. నాసామార్గంలో అత్యంత సంకుచితమైన కవాటస్థానం ఆ పక్కగోడలలోనే ఉంది. గుండ్రని గొట్టంలో నెమ్మదిగా సాగే ప్రవాహానికి వ్యాసార్ధం సగమైతే అవరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ముక్కు అంత సరళమైన గొట్టం కాకపోయినా, ఒక మిల్లీమీటరు విలువ ఎంతటిదో ఈ లెక్క స్ఫురింపజేస్తుంది. అద్దంలో ఎవరూ గుర్తించని మిల్లీమీటరు, నిద్రలో ప్రతి శ్వాసకూ తెలుస్తుంది. శోభ కోసం శ్వాసను తాకట్టు పెట్టడం అంటే అన్నమయకోశాన్ని అలంకరించడానికి ప్రాణమయకోశాన్ని బిగించడమే. సౌందర్యచికిత్సపై ధర్మబద్ధమైన తొలి ఆక్షేపణ ఇది. అందాన్ని కోరడం ఇందులో దోషం కాదు, ఆ కోరిక క్రమాన్ని తలకిందులు చేయడమే దోషం.

ఎవరి కన్ను ప్రమాణం?

రెండవ విచారణ మరింత సూక్ష్మమైనది. ఆధునిక సౌందర్యచికిత్సకు మూలపురుషులలో ఒకరుగా చెప్పబడే జాక్ జోసెఫ్ 1898లో బెర్లినులో ఒక యువకుని పెద్ద ముక్కును చిన్నది చేశాడు. ఆ యువకునికి శ్వాసబాధ లేదు. ఎక్కడికి వెళ్లినా జనం తేరిపార చూస్తున్నారన్న కుమిలింపు మాత్రం ఉంది. అతడు అందగాడు కావాలని కోరలేదు, ఎవరి కంటా పడకుండా నలుగురిలో ఒకడిగా ఉండాలని కోరాడు. ముక్కు ఆకారాన్ని బట్టి జాతిని నిర్ణయించి అవమానించే సమాజంలో, యూదు మతస్థుడైన జోసెఫుకు ఆ వేదన అపరిచితం కాదు. ఈ కోరికను దేహాభిమానం అని తోసివేయడం సులభం. నిజానికి అది గాయపడిన మానం చేసిన ఆర్తనాదం.

తెలుగునాట ఈ ఆర్తనాదం తరచు పెళ్లిచూపుల గదిలో వినబడుతుంది. పిల్ల చదువు బాగున్నది, గుణం బాగున్నది, ముక్కే కాస్త చప్పిడి అన్న వాక్యం ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లల చెవిన పడిందో లెక్కలేదు. రామరాజభూషణుని వసుచరిత్రలో నాయిక నాసికను వర్ణించే ప్రసిద్ధ పద్యం ఒకటి ఉంది. అది వాస్తవానికి నంది తిమ్మన రచన అనీ, అందువల్లనే ఆయనకు ముక్కు తిమ్మన అన్న పేరు వచ్చిందనీ ఐతిహ్యం. తుమ్మెద తనను సమీపించలేదన్న ఖేదంతో సంపెంగ తపస్సు చేసి నాసికగా జన్మించిందన్నది అందులోని కల్పన. ఆ కవితాసౌందర్యం పక్కన పెడితే, అక్కడ ఉన్నది కూడా ఒక తిరస్కృతి వేదనే. సంపెంగకు కొరత ఏమీ లేదు, దానిని చూడవలసిన కన్నే చూడలేదు. వరుని తరఫువారి మాట విని శస్త్రచికిత్సకు సిద్ధపడే కన్య విషయంలోనూ అంతే. అక్కడ ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది ఆమె కాదు, ఒక మనిషిని ముక్కుతో తూచిన పెద్దలు.

ఈ కాలంలో ఇంకొక కన్ను తోడైంది. 2018లో అమెరికా పరిశోధకులు గణితనమూనాతో ఒక విషయం నిరూపించారు. ముఖానికి 12 అంగుళాల దూరం నుండి తీసిన సెల్ఫీలో ముక్కు మొదలు, 5 అడుగుల దూరం నుండి తీసిన చిత్రంలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. చేయి చాచినంత దూరంలో ఉన్న కటకానికి ముక్కు దగ్గర, చెవులు దూరం కావడమే కారణం. వేదాంతులు త్రాడులో పామును చూడటాన్ని అధ్యాసకు దృష్టాంతంగా చెబుతారు. ఫోనులో కనిపించిన ముక్కును చూసి ముఖం మీది ముక్కును కోయించుకోవడం ఆ దృష్టాంతానికి నూతన రూపం. పాము లేదని తెలుసుకోవడానికి దీపం చాలు, కర్ర అక్కరలేదు. ఐదు అడుగుల దూరం నుండి మరొకరి చేత తీయించుకున్న ఒక్క ఛాయాచిత్రం కొందరికి శస్త్రచికిత్స అవసరాన్నే తొలగించగలదు.

లోపం ఇతరులకు కనిపించకపోయినా, కనిపించినా అత్యల్పమైనా, దాని చింతలోనే దినమంతా గడిపే స్థితిని వైద్యశాస్త్రం ఒక మానసిక రుగ్మతగా గుర్తించింది. ముక్కు ఆకారం మార్చమని కోరి వచ్చేవారిలో ఇది సామాన్యజనంలో కంటే అధికంగా కనిపిస్తుంది. అటువంటివారికి శస్త్రం తృప్తినివ్వడం అరుదు. ఒకటి సరిచేస్తే మరొకటి వంకరగా తోస్తుంది. నేయి పోసిన అగ్ని చల్లారదు. పైగా ముక్కుకు మరలమరల శస్త్రం చేసేకొద్దీ ఆధారమృదులాస్థి క్షీణించి, చెవి నుండో పక్కటెముక నుండో తెచ్చి నిలపవలసి వస్తుంది. ఇక్కడ వికారం మనోమయకోశంలో ఉంది. అన్నమయకోశానికి కత్తి పెడితే అది తీరదు. అటువంటి రోగిని మనోవైద్యుని వద్దకు పంపే శస్త్రవైద్యుడే నిజమైన నాసత్యుడు.

సమంగా నది

దేహసౌందర్యం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ప్రవచనాలలో అష్టావక్రుని పేరు వినబడుతుంది. లోకప్రసిద్ధమైన గాథలో, ఎనిమిది వంకరల దేహంతో జనకుని సభకు వచ్చిన ఆ మునిని చూసి పండితులు నవ్వుతారు. చర్మాన్ని మాత్రమే చూడగలిగిన సభ అని ఆయన వారిని నిందిస్తాడు. దేహం గణనీయం కాదు, ఆత్మయే గణనీయం అని వక్తలు అక్కడితో ముగిస్తారు.

మహాభారతం అక్కడితో ముగించదు. వనపర్వంలో అష్టావక్రుడు వాదంలో వందిని జయించి, జలంలో ముంచబడిన తండ్రి కహోడుని తిరిగి పొందుతాడు. ఆశ్రమానికి మరలివచ్చిన తరువాత ఆ తండ్రే కుమారుని సమంగా నదిలో స్నానం చేయమంటాడు. స్నానం చేయగానే ఎనిమిది వంకరలూ తొలగి అంగాలు సమమవుతాయి. అంగాలను సమం చేసినందువల్లనే ఆ నదికి ఆ పేరు. బ్రహ్మవాదియైన కుమారునికి నిటారైన దేహం ఎందుకని కహోడుడు తలచలేదు. దేహం మిథ్య కనుక వద్దని అష్టావక్రుడు నిరాకరించలేదు.

శ్రీమద్భాగవతం దశమస్కంధంలో త్రివక్ర కథ కూడా ఇదే చెబుతుంది. మథుర వీథిలో చందనపాత్ర పట్టుకుని వస్తున్న కుబ్జను శ్రీకృష్ణుడు పలకరిస్తాడు. ఆమె దేహం మూడు చోట్ల వంగి ఉన్న ఆ క్షణంలోనే భగవానుడు ఆమెను సుందరులకు తగిన పదంతో సంబోధిస్తాడు. ఆమె ఇచ్చిన చందనాన్ని స్వీకరిస్తాడు. ఆ పిమ్మటనే తన పాదాలతో ఆమె పాదాగ్రాలను అదిమి, చుబుకం కింద రెండు వేళ్లుంచి పైకెత్తి ఆమెను నిటారుగా నిలుపుతాడు.

రెండు కథలలోనూ వంకర తొలగడం ఉంది, దానిని శాస్త్రం శుభంగానే వర్ణించింది. రెండింటిలోనూ గౌరవం ముందు వచ్చింది, వంకర తొలగడం తరువాత వచ్చింది. అష్టావక్రుడు సభలో గెలిచినది వంకర దేహంతోనే. కుబ్జ చందనం స్వామి అంగాన్ని చేరినది వంగిన చేతుల నుండే. నీవు సరైన ఆకారంలోకి వస్తే నీకు స్థానం ఇస్తామని జనకుడూ అనలేదు, కృష్ణుడూ అనలేదు. నేటి సమాజం ఈ క్రమాన్ని విపరీతం చేసింది. ముందు ముక్కు సరిచేసుకుని రమ్మంటుంది, స్థానం సంగతి తరువాత చూద్దామంటుంది. సౌందర్యచికిత్సలో కనిపించే అధర్మం ఎక్కువగా ఈ షరతులోనే ఉంది, చికిత్సలో లేదు.

పేరు మార్చిన కోరిక

ఇక సత్యవిచారణ. భారతదేశంలో బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపు ప్రకారం, కేవలం రూపాన్ని మార్చే చికిత్సకు ఆరోగ్యబీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణానికి, వైద్యదృష్ట్యా అనివార్యమైన చికిత్సకు వర్తిస్తుంది. ఈ గీత ఉన్నచోట దానిని దాటే ప్రలోభమూ ఉంటుంది. కోరినది దూలం మీది గూనును తీయించుకోవడం, కాగితం మీద వ్రాయించినది మధ్యభిత్తి వంపు. బంధువులకు కూడా ఊపిరి ఆడక చేయించుకున్నామనే చెబుతారు. అందం కోసం అని చెప్పడానికి సిగ్గు, ఆ సిగ్గును కప్పడానికి అసత్యం.

ఇందులో ధననష్టం బీమాసంస్థకు, ఇంతకంటే గొప్ప నష్టం కోరినవారికి. తన కోరికను దాని స్వనామంతో పిలవలేనివాడు దానిని విచారించలేడు, విచారించనిదానిని దాటలేడు. ముక్కు అందంగా ఉండాలని ఉంది అని తనతో తాను ఒప్పుకున్న వ్యక్తి, ఆ కోరిక మూలమేమిటో వెదకగలడు. అది పెళ్లివారి మాట నుండి వచ్చిందా, ఫోను నుండి వచ్చిందా, బాల్యంలో తోటిపిల్లలు పెట్టిన పేరు నుండి వచ్చిందా, లేక నిజంగానే దీర్ఘకాలం నిలిచిన తన ప్రశాంత నిర్ణయమా అని తేల్చుకోగలడు. తేల్చుకున్న తరువాత, దేహం ఎదుగుదల పూర్తయిన వయస్సులో, తన సొమ్ముతో, శ్వాసమార్గానికి హాని లేని మేరకు, ఒకమారు చేయించుకుంటే అతడిని పతితుడని నిందించే అధికారం ఎవరికీ లేదు. చెవి కుట్టించి కమ్మ పెట్టే సంప్రదాయం, ముక్కు కుట్టించి పుడక పెట్టే సంప్రదాయం అలంకారాన్ని పాపంగా ఎన్నడూ భావించలేదు. అట్లే శ్వాస కోసం శస్త్రం చేయించుకునేవాడు తన సాధనాశక్తిపై అనుమానం పెట్టుకోనక్కరలేదు. కుంభకానికి ముందు కుండకు చిల్లి ఉన్నదేమో చూసుకోవడం వివేకమే.

చికిత్స ఒక్కటే, దాని వెనుక సంకల్పాలు వేరు. వైద్యుడు దూలాన్ని చూడగలడు, భిత్తిని చూడగలడు, సంకల్పాన్ని చూడలేడు. దానిని చూడవలసినవాడు రోగియే. ముక్కుసూటిగా నడవమని తెలుగువారి పెద్దలు చెప్పే మాటకు సాధకుడు పట్టుకోదగిన అర్థం కూడా ఇదే. ముక్కు ఏ ఆకారంలో ఉన్నా ఆ మాట వంకరపోదు. వంకర ఏదైనా ఉంటే అది కోరికకు, కోరికకు పెట్టుకున్న పేరుకు నడుమనే ఉంటుంది. దానిని సరిచేసే శస్త్రం విచారణ ఒక్కటే.

శుభం భూయాత్.